పేరు రాసి ఉంటేనే వెతకగలరు
యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికులను దేశాలు ఎలా వెతుకుతాయి? ఇంటివారు, సంఘం ఏం చేయాలి?



ఏటా జనవరి 11న జైనూర్ మండలం మార్లవాయిలో రెండు సమాధుల దగ్గర జనం కూడుకుంటారు. ఒకటి హైమన్‌డార్ఫ్ దొరది, రెండోది ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ది. ఆదివాసీ పెద్దలు పూలు పెడతారు, అధికారులు వచ్చి నాలుగు మాటలు మాట్లాడతారు. ఆ దంపతులు ఎక్కడో యూరప్ నుంచి వచ్చారు. అయినా వారు ఎక్కడ ఉన్నారో ఈరోజు మార్లవాయిలో చిన్నపిల్లవాడిని అడిగినా వేలు పెట్టి చూపిస్తాడు.

హైమన్‌డార్ఫ్ మన ప్రాంతానికి రావడం వెనుక కూడా ఒక యుద్ధం ఉంది. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు. ఆస్ట్రియాను జర్మనీ 1938లో కలుపుకొన్నందువల్ల, 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైననాటికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. భారతదేశంలో ఉన్న ఆయనను బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశస్థుల లెక్కలో వేసి, హైదరాబాద్ సంస్థానం దాటి పోకుండా ఉంచింది. ఆ విధంగా ఆయన గోండుల మధ్యకు వచ్చి, మార్లవాయిలో కాపురం పెట్టారు. యుద్ధం ఒక మనిషిని కాగితం మీద ‘శత్రువు’గా రాసింది. కానీ రాసింది గనుకనే ఆయన ఎక్కడున్నాడో అందరికీ తెలుసు.

యుద్ధంలో పేరు ఎక్కడా రాయబడని వారి సంగతి ఏమిటి? సమాధి లేదు, ఉత్తరం లేదు, చనిపోయాడన్న కబురు లేదు, బతికున్నాడన్న కబురూ లేదు. అలాంటి కుటుంబాలు మన దేశంలో 1971 నుంచి ఉన్నాయి. ఈ రెండు మూడేళ్లలో కొత్తగా మరికొన్ని చేరాయి. ఉద్యోగమని చెప్పి తీసుకుపోయి రష్యా సైన్యంలో చేర్చిన మన యువకుల కుటుంబాలు అవి. గల్ఫ్‌కు, ఇతర దేశాలకు మనుషులను పంపే ఉత్తర తెలంగాణ సంఘాలకు ఇది దూరపు విషయం కాదు. అందుకే జాడ తెలియని సైనికుల కోసం దేశాలు చేసే ప్రయత్నం ఎలా నడుస్తుందో, అది ఎక్కడ ఆగిపోతుందో ఈ వారం వివరించాలనుకున్నాం.

ఒక తల్లికి రాసిన ఉత్తరం

ఈ పని మొదలైంది ఒక చర్చిలో అని చెప్పినా తప్పు కాదు. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. వేలాది మంది గాయపడినవారిని దగ్గరలోని కాస్టిగ్లియోనే పట్టణానికి మోసుకొచ్చి, చర్చిల్లో నేల మీద పడుకోబెట్టారు. జెనీవాకు చెందిన హెన్రీ డ్యూనాంట్ అనే వ్యాపారి తన పని మీద అటు వచ్చి అది చూశాడు. ఆయన తన ఊళ్లో వై.ఎం.సి.ఎ. స్థాపించిన యువకుల్లో ఒకడు. వైద్యుడు కాడు, సైనికుడు కాడు. ఊరి స్త్రీలతో కలిసి నీళ్లు ఇచ్చాడు, గాయాలు కడిగాడు, చనిపోతున్నవారు చెప్పిన మాటలు ఇంటికి రాసి పంపాడు.

వారిలో ఇరవై ఏళ్ల ఫ్రెంచి కార్పొరల్ ఒకడున్నాడు. అతడు తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. అతని చిరునామా అడిగి రాసుకున్న డ్యూనాంట్, అతని మరణవార్తను లియాన్ నగరంలోని ఆ ఇంటికి చేర్చాడు. ఆ ఇంటికి కొడుకు గురించి అందిన కబురు అదొక్కటే. సైన్యం లెక్కల్లో మాత్రం అతడు ‘జాడ తెలియనివాడు’గానే ఉన్నాడు. ఈ సంగతి డ్యూనాంట్ 1862లో అచ్చువేసిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకమే రెడ్‌క్రాస్ పుట్టుకకు కారణమైంది.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. ఆ కుర్రవాడిని బతికించడం డ్యూనాంట్ వల్ల కాలేదు. ఆయన చేసింది పేరు, ఊరు అడిగి రాసుకోవడం. ఆ చిన్న పని జరిగినందుకు ఒక తల్లి జీవితాంతం గుమ్మం వైపు చూస్తూ కూర్చోవలసిన బాధ తప్పింది.

1870లో ఫ్రాన్స్‌కు, జర్మన్ రాజ్యాలకు మధ్య యుద్ధం వచ్చినప్పుడు రెడ్‌క్రాస్ ఆ పనినే ఒక కార్యాలయంగా మార్చి బాసెల్ నగరంలో నడిపింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జెనీవాలో పెట్టిన కార్యాలయం 70 లక్షల కార్డులు రాసింది. ఒక్కో కార్డు మీద సైనికుని పేరు, దళం, పట్టుబడిన చోటు ఉండేవి. ఒకవైపు దేశాలు పంపిన ఖైదీల జాబితాలు, మరోవైపు తల్లులు, భార్యలు రాసిన ఉత్తరాలు. రెండింటినీ అక్షరక్రమంలో పెట్టి కలిపి చూసేవారు. ఇంటివారు వెతుకుతున్న పేరు, జాబితాలో ఉన్న పేరు ఒకే చోట కలిస్తే ఇంటికి కబురు వెళ్లేది. నేడు కంప్యూటర్లు వచ్చినా పని మాత్రం అదే.

చట్టం ఏం చెబుతోంది?

1949 నాటి జెనీవా ఒప్పందాలు ఈ పనిని దేశాల బాధ్యతగా మార్చాయి. భారత్ వాటిని 1950లో ఆమోదించింది, 1960లో వాటి కోసం మన పార్లమెంటు చట్టం చేసింది. వాటిలో మన అంశానికి కావలసినవి ఇవి.

పట్టుబడిన సైనికుడు తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య చెప్పాలి. అంతకు మించి చెప్పమని అతన్ని బలవంతపెట్టకూడదు. శిబిరానికి చేరిన వారంలోపు అతడు ఇంటికి ఒక కార్డు, జెనీవాలోని రెడ్‌క్రాస్ కార్యాలయానికి ఒక కార్డు రాసుకునే అవకాశం ఇవ్వాలి. యుద్ధం చేస్తున్న ప్రతి దేశం ఖైదీల వివరాల కోసం ఒక సమాచార కార్యాలయం పెట్టాలి. రెడ్‌క్రాస్ ప్రతినిధులను శిబిరాల్లోకి రానిచ్చి, ఖైదీలతో ఒంటరిగా మాట్లాడనివ్వాలి. యుద్ధం ఆగిన తరువాత ఖైదీలను ఆలస్యం చేయకుండా వదిలిపెట్టాలి. చెదిరిపోయిన ఖైదీలను వెతకడానికి రెండు దేశాలూ కలిసి సంఘాలు ఏర్పాటు చేయాలి.

చనిపోయినవారికీ నియమం ఉంది. శత్రువు శవమైనా వెతికి తీయాలి, గుర్తించాలి, గౌరవంగా పాతిపెట్టాలి, సమాధికి గుర్తు పెట్టాలి. సైనికుని మెడలోని గుర్తింపు బిళ్ల రెండు ముక్కలుగా ఉంటే ఒక ముక్క శవంతో ఉంచి, రెండోది పంపాలి. 2019 జూన్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి, యుద్ధాల్లో గల్లంతైనవారి కోసమే ప్రత్యేకంగా 2474వ తీర్మానం చేసింది. ఆ అంశం మీద మండలి చేసిన తీర్మానాల్లో అదే మొదటిది. మండలిలోని అన్ని దేశాలూ దానికి ఒప్పుకున్నాయి.

నియమాలు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు మనుషులు ఎలా గల్లంతవుతారు? నియమం పనిచేయడం మొదలయ్యేది పేరు రాసిన క్షణం నుంచి. పట్టుకున్నవాడు పేరు రాయకపోతే, లేదా రాసినా బయటపెట్టకపోతే, రాయబారి ఎంత గొప్పవాడైనా అడగడానికి ఆధారం దొరకదు. ‘మీ దగ్గర ఉన్నాడు’ అని వీరంటే, ‘మా దగ్గర లేడు’ అని వారంటారు. అక్కడితో ఆగిపోతుంది. దీనికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది.

1971 నుంచి ఎదురుచూపు

1971 డిసెంబర్ యుద్ధం ముగిశాక పాకిస్తాన్‌కు చెందిన దాదాపు 93 వేల మంది మన చేతికి చిక్కారు. 1972 జూలై 2న సిమ్లా ఒప్పందం కుదిరింది. ఆ ఏడు డిసెంబర్‌లో పశ్చిమ సరిహద్దులో పట్టుబడినవారిని రెండు దేశాలూ ఇచ్చిపుచ్చుకున్నాయి. మన సైనికులు 600 మందికి పైగా వాఘా దాటి ఇంటికి వచ్చారు. 1973 ఆగస్టు 28న ఢిల్లీ ఒప్పందం జరిగింది. ఆ తరువాత 93 వేల మందీ వెళ్లిపోయారు.

కొన్ని ఇళ్లలో మాత్రం మనిషి రాలేదు. ఒక ఇంటివారు, 1971 డిసెంబర్ 27 నాటి టైమ్ పత్రికలో కటకటాల వెనుక ఉన్న ఒకరి ఫొటో చూసి అది మావాడే అన్నారు. మరో ఇంటికి కరాచీ నుంచి చేతిరాతతో చీటీ వచ్చింది. రేడియోలో పేరు విన్నామన్నవారు కొందరు. ఇలాంటి ఆధారాలు పట్టుకొని కుటుంబాలే ఊరూరా తిరిగి ఒకరినొకరు కలుసుకున్నాయి. 1979లో ప్రభుత్వం లోక్‌సభ ముందు 40 పేర్లు పెట్టింది. తరువాత ఆ సంఖ్య 54 అయింది. ‘మిస్సింగ్ 54’ అని పత్రికలు రాసేది వీరి గురించే. ఆ తరువాత వేర్వేరు కాలాల్లో గల్లంతైనవారిని కూడా కలిపి 83 మంది పాకిస్తాన్ నిర్బంధంలో ఉన్నారని భావిస్తున్నట్టు మన ప్రభుత్వం పార్లమెంటులో పలుమార్లు చెప్పింది. తమ దగ్గర యుద్ధఖైదీలు ఎవరూ లేరన్నది పాకిస్తాన్ జవాబు.

ఇక్కడ తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. ఖైదీల మార్పిడి జరిగింది 1972, 1973, 1974 సంవత్సరాల్లో. పేర్ల జాబితా పార్లమెంటు ముందుకు వచ్చింది 1979లో. అడగడానికి మన చేతిలో బలం ఉన్నప్పుడు పూర్తి జాబితా బల్ల మీద లేదు. జాబితా వచ్చేసరికి అడిగే బలం తగ్గిపోయింది.

ప్రయత్నం అక్కడితో ఆగలేదు. 1983లో కొందరు బంధువులను ముల్తాన్ జైలుకు తీసుకువెళ్లారు. 2007 జూన్‌లో 14 మంది బంధువులు పాకిస్తాన్ వెళ్లి జైళ్లు తిరిగారు. తమవారు కనబడలేదు. 2008లో రెండు దేశాలూ ఖైదీలను రాయబార అధికారులు కలిసే విషయమై ఒప్పందం రాసుకున్నాయి. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశస్థుల జాబితాలు మార్చుకుంటాయి. సరిహద్దులో ఎంత ఉద్రిక్తత ఉన్నా ఆ రెండు రోజులు కాగితాలు చేతులు మారుతూనే ఉన్నాయి. గల్లంతైన రక్షణ సిబ్బంది సంగతి మన విదేశాంగ శాఖ అప్పుడు మళ్లీ అడుగుతుంది. సముద్రంలో దారితప్పి పట్టుబడిన బెస్తవారు ఇంటికి వస్తున్నారంటే, వారి పేర్లు ఆ జాబితాలో ఉండడం వల్లనే.

ఎదుటి దేశంలోనూ ఇలాంటి ఇళ్లు ఉన్నాయని మరువకూడదు. అదే 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖపట్నం తీరానికి దగ్గరలో మునిగింది. అందులో 90 మందికి పైగా ఉన్నారు. 2024లో మన నౌకాదళం ఆ శిథిలం ఉన్న చోటును గుర్తించింది. చనిపోయినవారి మీద గౌరవంతో దాన్ని కదల్చలేదు. ఆ తల్లులకు కొడుకులు ఎక్కడున్నారో తెలుసు. మన 54 ఇళ్లకు అంత కూడా తెలియదు.

ఫలితం వచ్చిన ప్రయత్నాలు

ఇదంతా చదివి ప్రయత్నం వృథా అనుకోవద్దు. కువైట్ సంగతి మన ప్రాంతంలో చాలా ఇళ్లకు తెలుసు. 1990లో ఇరాక్ దాడి చేసినప్పుడు కువైటీలు, ఇతర దేశస్థులు కలిపి 605 మంది గల్లంతయ్యారు. యుద్ధం ముగిసిన 1991లోనే రెడ్‌క్రాస్ అధ్యక్షతన ఒక కమిషన్ ఏర్పడింది. ఇరాక్, కువైట్ అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చింది. ఇరాక్‌లో ప్రభుత్వం మారినా, మళ్లీ యుద్ధం జరిగినా ఆ 605 పేర్ల జాబితా మాత్రం మారలేదు. 2019లో, అంటే 28 ఏళ్ల తరువాత, దక్షిణ ఇరాక్‌లోని సమావా దగ్గర ఎడారిలో ఎముకలు బయటపడ్డాయి. బంధువుల రక్తంతో పోల్చి పేర్లు తేల్చి, కువైట్ పంపారు. సుమారు 300 మంది జాడ ఇంకా తేలవలసి ఉంది. ఆ బల్ల ఇంకా ఎత్తివేయలేదు.

సైనికులు కాని మనవారి విషయంలోనూ ఇదే పద్ధతి పనిచేసింది. 2014 జూన్‌లో ఇరాక్‌లోని మోసుల్‌లో 39 మంది భారతీయ కార్మికులను ఉగ్రవాదులు ఎత్తుకుపోయారు. దాదాపు నాలుగేళ్లు ‘బతికున్నారేమో’ అన్న మాట మీదే ఇళ్లు నిలబడ్డాయి. చివరికి బాదూష్ దగ్గర ఒక దిబ్బ కింద సామూహిక సమాధి దొరికింది. ఇంటివారి నుంచి తీసుకున్న డీఎన్‌ఏ నమూనాలతో పోల్చాకే 2018 మార్చిలో మరణవార్త ప్రకటించారు, ఏప్రిల్‌లో 38 మంది అవశేషాలు తెచ్చారు.

సంతోషవార్త కూడా ఒకటుంది. 2015 జూలైలో లిబియాలో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులను సాయుధులు ఎత్తుకుపోయారు. ఏడాదికి పైగా నడిచిన ప్రయత్నాల తరువాత 2016 సెప్టెంబర్‌లో వారు విడుదలయ్యారు. ఎంతో ప్రార్థన, ఎంతో ఓపిక, ఎన్నో ఫోన్లు. వారు ఎవరు, ఎక్కడ పనిచేస్తున్నారు, ఏ రోజు ఎక్కడ పట్టుకున్నారు అన్నది మొదటి రోజు నుంచే స్పష్టంగా ఉండడం కూడా వారి మేలుకే అయింది.

ఇప్పటి గాయం: రష్యా యుద్ధం

ఇప్పుడు మనకు దగ్గరగా ఉన్న విషయానికి వద్దాం. 2023 చివరి నుంచి కొందరు ఏజెంట్లు మన యువకులకు రష్యాలో సెక్యూరిటీ పని, హెల్పర్ పని అని చెప్పారు. కొందరిని దుబాయ్ నుంచే అటు పంపారు. అక్కడికి పోయాక రష్యన్ భాషలో ఉన్న ఒప్పందం మీద సంతకం చేయించారు. కొద్ది రోజుల శిక్షణ తరువాత ఉక్రెయిన్ యుద్ధరంగానికి తరలించారు. హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయినట్టు 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ప్రకటించింది. అదే నెలలో సీబీఐ కేసు పెట్టి పలు నగరాల్లో సోదాలు చేసింది. జూలైలో మాస్కో వెళ్లినప్పుడు ప్రధాని మోదీ అధ్యక్షుడు పుతిన్‌తో ఈ సంగతి మాట్లాడారు. సెప్టెంబర్‌లో నారాయణపేట జిల్లా యువకుడు ఒకరు, కలబురగి యువకులు ముగ్గురు శంషాబాద్‌లో విమానం దిగారు.

2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది: మొత్తం 126 మంది. తిరిగి వచ్చినవారు 96. చనిపోయినవారు 12. ఇంకా సైన్యంలో ఉన్నవారు 18. ఆ 18 మందిలో 16 మందిని రష్యా ‘జాడ తెలియనివారు’గా చూపింది. 2025 డిసెంబర్‌లో రాజ్యసభకు ఇచ్చిన లెక్క ప్రకారం మొత్తం 202 మంది చేరినట్టు భావిస్తున్నారు. 119 మందిని విడిపించారు, 26 మంది చనిపోయారు, 7 గురి జాడ తెలియదు, 50 మందిని విడిపించే ప్రయత్నం సాగుతోంది. చనిపోయినట్టు లేదా గల్లంతైనట్టు చెప్పిన 18 మంది కుటుంబాల డీఎన్‌ఏ నమూనాలు రష్యాకు పంపారు.

రెండు దేశాల అధినేతలు మాట్లాడుకుంటే ఎందరో ఇంటికి వచ్చారు. ఇందుకు దేవునికి స్తోత్రం. అయితే ఆ మాట సాయపడింది ఎవరికి? ఏ దళంలో ఉన్నాడో రాసి ఉన్నవాడికి. ఫోన్ చేసి, వీడియో పెట్టి, పాస్‌పోర్టు కాపీ ఇంటికి పంపినవాడికి. కందకంలో కబురు తెగిపోయినవాడి కోసం అధినేతల మాట కూడా డీఎన్‌ఏ నమూనా దాకా వచ్చి ఆగింది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. పదో తరగతి చదవనివారు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ వలస అనుమతి తీసుకోవాలి. రష్యా ఆ 18లో లేదు. అందువల్ల మనిషి టూరిస్టులా విమానం ఎక్కేశాడు. వెళ్లే రోజున ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ ‘పనికి పోయాడు’ అని ఎక్కలేదు. అతడు గల్లంతు కావడం అసలు శంషాబాద్‌లోనే మొదలైందని చెప్పాలి.

ఇంటివారు చేయవలసినవి

మన సంఘాల్లో ఎవరైనా పరదేశం పోతుంటే, ఏ దేశమైనా సరే, పోకముందే ఈ పని చేయండి.

పాస్‌పోర్టు అన్ని పేజీలు, వీసా, ఒప్పందం, టికెట్ కాపీలు ఇంట్లో పెట్టండి. ఏజెంటు పూర్తి పేరు, ఫోన్ నంబరు, డబ్బు కట్టిన రసీదు దాచండి. అతనికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. రాకపోతే చదువుకున్న పిల్లలతో చూపించండి. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టవద్దని పోయేవాడికి గట్టిగా చెప్పండి.

పేరు విషయంలో జాగ్రత్త. మన మండలాల్లో ఆత్రం, మెస్రం, సిడాం, మడావి వంటి ఇంటిపేర్లవారు ఊరికి పదుల సంఖ్యలో ఉంటారు. ఒకే పేరుగలవారు ఒకే గూడెంలో ముగ్గురు ఉండవచ్చు. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టులో ఇంకొకటి, అక్కడి భాషలో మరొకటి అయితే మూడు కాగితాల మీద ముగ్గురు మనుషులు అవుతారు. తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ప్రతి దరఖాస్తులోనూ ఒకేలా రాయండి.

కబురు తెగిపోతే ఆగవద్దు. ఎప్పుడు చివరిసారి మాట్లాడాడు, ఎక్కడి నుంచి, ఏమన్నాడు అన్నది అదే రోజు రాసి పెట్టండి. చివరి ఫొటో, వాయిస్ మెసేజ్ చెరపవద్దు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేసి కాపీ తీసుకోండి. విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో నమోదు చేయించండి. ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి, కలెక్టరుకు, హైదరాబాద్‌లోని వలసదారుల సంరక్షణ అధికారి కార్యాలయానికి అర్జీ పంపండి. యుద్ధం ఉన్న దేశమైతే న్యూఢిల్లీలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కార్యాలయానికి కూడా రాయండి. వారు రుసుము తీసుకోరు.

డీఎన్‌ఏ నమూనా అడిగితే భయపడవద్దు. అది ఇచ్చినంత మాత్రాన మనిషి చనిపోయాడని ఒప్పుకున్నట్టు కాదు. తల్లి, తండ్రి, కన్నబిడ్డల నమూనాలు అన్నిటికన్నా పనికివస్తాయి. వారు లేకపోతే తోబుట్టువులు ఇవ్వవచ్చు. భార్య నమూనా ఒక్కటే ఉంటే గుర్తించలేరు, కానీ బిడ్డ నమూనాతో కలిపితే అదీ సాయపడుతుంది. ముసలి తల్లిదండ్రులు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.

‘లక్ష ఇవ్వండి, మావాళ్లు అక్కడున్నారు, పట్టుకొస్తారు’ అని వచ్చేవారుంటారు. ఇంటివారి ఆశే వారికి పెట్టుబడి. పైసా ఇవ్వవద్దు.

సంఘం చేయవలసినది

అమెరికాలో పౌలీన్ బాస్ అనే పండితురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో గల్లంతైన విమాన సైనికుల కుటుంబాలను దగ్గరగా చూశారు. తేలని ఈ దుఃఖం మరణదుఃఖం కంటే వేరని, దానికి ముగింపు లేనందువల్ల మనిషి అక్కడే చిక్కుకుపోతాడని ఆమె వివరించారు. మన ఊళ్లలో అది ఎలా కనబడుతుందో మనకు తెలుసు. మెట్టెలు ఉంచుకోవాలా తీయాలా అని ఆ ఆడబిడ్డను చుట్టాలు అడుగుతారు. బ్యాంకువారు మరణ ధ్రువపత్రం తెమ్మంటారు. పొలం పేరు మార్చరు. ఏడేళ్లపాటు, అతని గురించి వినవలసినవారికి ఎలాంటి కబురూ అందకపోతే చనిపోయినట్టు భావించవచ్చని మన సాక్ష్య చట్టం చెబుతుంది. అది కూడా కోర్టులో తేలాలి. అప్పటిదాకా ఆమె భార్యా కాదు, విధవరాలూ కాదు.

అలాంటి ఇంట్లో సంఘం రెండు తప్పులు చేయకూడదని మా మనవి. ‘మూడు నెలల్లో వస్తాడు, నాకు దర్శనం కలిగింది’ అని ఎవరూ ఖాయంగా చెప్పకూడదు. ఆ మూడు నెలలు గడిచాక ఆమె విశ్వాసమే దెబ్బతింటుంది. అలాగే ‘ఇక మరిచిపో, జ్ఞాపకార్థ కూటం పెట్టేద్దాం’ అని తొందరపెట్టకూడదు. దేహం లేకుండా, రుజువు లేకుండా కొడుకును పాతిపెట్టమని తల్లిని అడిగే హక్కు మనకు లేదు. ఆమె సిద్ధపడిన రోజున ఆమే చెబుతుంది.

చేయగలిగిన మంచి చాలా ఉంది. ఆదివారం ప్రార్థనలో అతని పేరు ఎత్తండి. అతడు బతికున్నట్టో చనిపోయినట్టో తీర్మానించకుండా, దేవునికి తెలిసిన చోట ఉన్నవాడిగా ఎత్తండి. కాపరులు, చదువుకున్న యువకులు ఆ ఇంటి అర్జీలు రాసిపెట్టండి. ఒక ఫైలు కొని కాగితాలన్నీ అందులో తేదీల వరుసన పెట్టండి. అర్జీ ఇచ్చి ఆరు నెలలైతే మళ్లీ ఇంకొకటి రాయండి. కార్యాలయానికి పోయే రోజు తోడు పోండి. ఆమె ఒక్కతే పోతే రేపు రమ్మంటారు, నలుగురు పోతే కుర్చీ వేస్తారు. బడి ఫీజు, రేషన్ విషయం అడగకముందే కనుక్కోండి.

తప్పిపోయిన గొర్రె సంగతి మన బిడ్డలకు ఆదివారపు బడిలో చెబుతాం. ఆ కాపరి ఒకటి తక్కువైందని తెలుసుకున్నది లెక్కపెట్టినందువల్లనే కదా. నూరు ఉండాలని తెలియకపోతే తొంభైతొమ్మిది చూసి తృప్తిపడి ఇంటికి పోయేవాడు.

దేశాల మధ్య జరిగే వెతుకులాటకూ మొదలు అదే. మార్లవాయిలో రెండు సమాధుల మీద పేర్లున్నాయి. మన ఊరినుంచి పోయిన ప్రతివాడి పేరు కూడా ఎక్కడో ఒకచోట, సరైన అక్షరాలతో, రాసి ఉండాలి. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మీ సంఘంలో పరదేశంలో ఉన్నవారి పేర్లు, పాస్‌పోర్టు వివరాలు, పనిచేసే చోటు ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. దాన్ని కాపరి దగ్గర భద్రంగా ఉంచండి. ఆ పుస్తకం ఎన్నడూ తెరవవలసిన అవసరం రాకూడదని ప్రార్థన చేద్దాం.